పుస్తకాల అరలో ఒక గొంతు

గుడియాత్తంలో మా ఇంటి నడిమింట్లో గోడలోకి కట్టిన అర ఒకటుంది. తాత నాటినుంచీ అది తెలుగు పుస్తకాల అర. పోతన భాగవతం, వేమన పద్యాలు, నాయన బైండు చేయించిన చందమామలు, అట్టలు ఊడిన పెద్దబాలశిక్ష ఒకటి. వాటిని చదివేవాళ్ళు ఇప్పుడు ఇంట్లో ఇద్దరమే. అమ్మకు చూపు ఆనదు. నేను ఎప్పుడో పండగకో పబ్బానికో దుమ్ము దులిపినప్పుడు రెండు పేజీలు తిప్పుతాను. పోయిన ఏడాది ఆ అరలో రెండు స్పీకరు పెట్టెలు పెట్టవలసి వచ్చింది. నేను పుస్తకాలు దించడం మొదలుపెట్టానో లేదో, అమ్మ మంచంమీదనుంచే అడిగింది: "ఏమిరా, పుస్తకాలు తీసేసి పెట్టెలు పెడతావా?"

ఇంగ్లీషువాళ్ళు ఆ పెట్టెలకు పెట్టిన పేరే పుస్తకాల అర స్పీకర్లని. ఆ సంగతి అమ్మకు చెబితే నవ్వింది గాని ప్రశ్న మాత్రం వెనక్కి తీసుకోలేదు. దానికి జవాబు వెతుక్కుంటూ నేను చాలా దూరం పోయాను. మన ఇళ్ళలోకి తెలుగు ధ్వని ఎలా వచ్చిందో, ఏ పెట్టెలోంచి వచ్చిందో, ఎప్పుడు ఆగిందో అంతా ఒకసారి తవ్వుకోవలసి వచ్చింది. సరిహద్దుకు ఇవతల ఉన్న మనబోటివాళ్ళ ఇళ్ళలో ఇంచుమించు ఇదే కథ నడిచి ఉంటుందనిపించి ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా ఊరి సంగతి. గుడియాత్తం కౌండిన్యానది ఒడ్డున ఉంది. లుంగీలకూ అగ్గిపెట్టెలకూ పేరు. తూర్పున 30 పైచిలుకు కిలోమీటర్లు పోతే వేలూరు, మన పెద్దవాళ్ళ మాటలో రాయవేలూరు. ఉత్తరాన పరదరామి దాటితే చిత్తూరు సీమ, కొండ ఎక్కితే పలమనేరు. 1911 ఏప్రిలు దాకా ఇదంతా ఒకటే ఉత్తర ఆర్కాటు జిల్లా, దానికి ముఖ్యపట్టణం చిత్తూరే. ఆ ఏడాది చిత్తూరు వేరే జిల్లా అయింది, మన జిల్లా కచేరీలు వేలూరికి వచ్చాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1960 ఏప్రిలు 1న పటాస్కర్ తీర్పు ప్రకారం ఇటు కొన్ని ఊళ్ళు అటు, అటు కొన్ని ఊళ్ళు ఇటు మారాయి. ఇన్ని మార్పులు జరిగినా ఎక్కడివాళ్ళు అక్కడే ఉండి మగ్గం నేసుకుంటున్నారు. గీత నేలమీద పడింది గాని గాలిలో పడలేదు. అందుకే మనకు రేడియో అంత ముఖ్యమైంది.

రేడియో మనకు మొదట తూర్పునుంచి వచ్చింది. 1924లో మద్రాసులో కృష్ణస్వామి చెట్టిగారు మొదలుపెట్టిన రేడియో క్లబ్బు ఈ దేశపు తొలి ప్రసారసంఘాల్లో ఒకటి. డబ్బు చాలక అది మూతపడితే ఆ యంత్రం నగరపాలక సంస్థ చేతికి వచ్చింది. సంస్థవారు 1930 ఏప్రిలు 1నుంచి ప్రసారాలు నడిపారు. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం ప్రారంభమైంది. తెలుగుకు అప్పుడు అదే దిక్కు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యగా పిల్లలకు బాలానందం నడిపింది ముందు మద్రాసులోనే, హైదరాబాదుకు వెళ్ళింది తరువాత. బాలాంత్రపు రజనీకాంతరావు 1941లో మద్రాసు కేంద్రంలో చేరారు. 1947 ఆగస్టు 15 అర్ధరాత్రి ఆయన రాసి వరుస కట్టిన స్వాతంత్ర్యగీతం టంగుటూరి సూర్యకుమారి గొంతులో వినిపించింది మద్రాసు కేంద్రంనుంచే. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న గాని రాలేదు. అంటే మొదటి పదేళ్ళు కృష్ణాజిల్లా వాళ్ళకూ మనకూ తెలుగు ఒకేచోటునుంచి వచ్చింది. దూరం చూసుకుంటే మనమే దగ్గర!

గాలిలో మాట ఉంటే సరిపోదు, దాన్ని చెవిలో వేసే పెట్టె కావాలి గదా. మా ఊళ్ళో నేను మొదట చూసిన ధ్వనియంత్రం పార్కులో పంచాయతీ రేడియో. కంబానికి కట్టిన రేకు బాకా. సాయంకాలం అయిదు గంటలకల్లా దానికింద జనం చేరేవారు. రెండోది వైశాఖంలో గంగమ్మ శిరసు తిరునాళ్ళకు కట్టే మైకుసెట్టు. బాకా గుణం ఏమంటే చిన్న శక్తితో పెద్దదూరం కొడుతుంది. అయితే దానిలో మంద్రం ఉండదు, మృదంగం డబ్బాలా మోగుతుంది. మాట మాత్రం ఊరవతలి చింతతోపు దాకా స్పష్టంగా పోతుంది. ఈ గుణాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి, మళ్ళీ పని పడుతుంది.

మూడోది మా ఇంటి మర్ఫీ. వాల్వుల రేడియో, చెక్కపెట్టె, ముందర గుడ్డ, గుడ్డవెనక ఒకే ఒక స్పీకరు. ఏటేటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టవలసి వచ్చేది (ఆ పద్ధతి 1980 దశకం నడిమికి గాని పోలేదు). నాయన గుంటమగ్గంలో కూర్చుని నేసేవాడు. నాడె అటూ ఇటూ కొట్టుకునే చప్పుడులోనుంచి వార్తలు వినపడాలి. అద్దంకి మన్నారు, కందుకూరి సూర్యనారాయణ, పన్యాల రంగనాథరావు. వాళ్ళు నోరు విప్పగానే నాయన మగ్గం ఆపడు, చెయ్యి మాత్రం నెమ్మదిస్తుంది. అంత చప్పుడులోనూ ఒక్కమాట పోయేది కాదు. సిలోను తెలుగు కార్యక్రమంలో మీనాక్షి పొన్నుదొరై గొంతు కూడా ఆ పెట్టెలోనే విన్నాం. రాత్రిళ్ళు అలలు అలలుగా పోతూ వస్తూ ఉండేది.

1977లో చిన్నమామ సింగపూరునుంచి వస్తూ ఒక పయొనీరు రిసీవరు తెచ్చాడు. నమూనా ఎస్ఎక్స్-450. రిసీవరంటే మూడు పనులు ఒకే పెట్టెలో చేసే యంత్రం: స్టేషను పట్టడం, పాటల పళ్ళెంనుంచి వచ్చే సన్నని సంకేతాన్ని పెంచడం, ఆ పైన స్పీకర్లను ఆడించే శక్తి ఇవ్వడం. స్పీకర్లు దానిలో ఉండవు, విడిగా కొనుక్కోవాలి. వెండిరంగు ముఖం, వాల్‌నట్ చెక్కను పోలిన పైకప్పు, చీకట్లో వెలిగే స్టేషను పలక. ఆ రోజుల్లో ఫారిన్ సరుకంటే మద్రాసు బర్మాబజారులో నలుగురు చుట్టూ మూగి చూసే వస్తువు. మా ఇంటికీ అలాగే జనం వచ్చి చూసిపోయారు.

కాని ఒక విచిత్రం జరిగింది. ఆ ఖరీదైన యంత్రంలో మా పాత మర్ఫీకన్నా తక్కువ తెలుగు వినిపించింది! దానికి హ్రస్వతరంగం లేదు, కాబట్టి సిలోను పోయింది. ఎఫ్.ఎం. ఉంది. సరిగ్గా అదే ఏడాది, 1977 జూలై 23న, దేశంలో మొదటి ఎఫ్.ఎం. ప్రసారం మద్రాసులోనే మొదలైంది కూడా. అయితే ఎఫ్.ఎం. కంటికి ఆనినంత దూరమే పోయే తరంగం. మద్రాసుకూ మాకూ నడుమ 150 కిలోమీటర్లకు పైమాటే. పలకమీద ఆ పట్టీ అంతా వెలుగుతూనే ఉండేది, లోపల మాత్రం గాలి హోరు. మిగిలింది మధ్యతరంగం. పగలు 720లో మద్రాసు, రాత్రి పడ్డాక 837లో విజయవాడ, కడప ఎప్పుడూ.

పాటలపళ్ళెం తగిలించాక దాని విలువ తెలిసింది. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న పోయారు. చివరిరోజుల్లో ఆయన పాడిన భగవద్గీత రికార్డు మా వీధిలో మొదట మా ఇంటికే వచ్చింది. స్పీకర్లు ఫారినువి కావు. అంత బరువు మామ మోయలేకపోయాడు. వేలూరు లాంగ్ బజారు వైపు ఒక మెకానిక్కు ఎనిమిది అంగుళాల స్పీకర్లు రెండు కొని, వడ్రంగిచేత పెట్టెలు చేయించి ఇచ్చాడు. కొలతలేమీ లేవు, చెక్క ఎంత ఉంటే అంత పెట్టె. అయినా నాయన కళ్ళు మూసుకుని వినేవాడు. తరువాత టీవీ వచ్చింది. పెట్టెల్లో కాగితపు శంకువులను ఎలుకలు కొరికేశాయి. రిసీవరు గుడ్డ చుట్టుకుని అటకెక్కింది.

అది మళ్ళీ దిగింది అమ్మకోసం. అమ్మకిప్పుడు 88. చెవి మందగించింది. చెవియంత్రం ఉంది, గుచ్చుకుంటుందని తీసేస్తుంది. టీవీలో తెలుగు పెడితే "ఏందో గలగలమంటున్నారు" అంటుంది. నా ఫోనులో ఆకాశవాణి పెట్టి దగ్గర పెట్టినా అంతే. అమ్మ తమిళం మాట్లాడుతుంది గాని ఆమె లోకమంతా తెలుగు. అది వినపడకపోయేసరికి మనిషి ముడుచుకుపోయింది. ముసలితనంలో చెవి ముందుగా పోగొట్టుకునేది పైస్థాయి శబ్దాలను. అచ్చులు వినపడతాయి, హల్లులు రాలిపోతాయి. అందుకే వాళ్ళకు గొంతు వినిపిస్తుంది, మాట తెలియదు. శబ్దం పెంచితే అచ్చులే ఇంకా అరుస్తాయి. కాబట్టి కావలసింది పెద్దచప్పుడు కాదు, తేట అయిన చప్పుడు. నలభై ఏళ్ళు దాటిన యంత్రానికి తేటగా మాట్లాడే పెట్టె వెతకడం అలా నా పని అయింది.

మొదట యంత్రాన్ని బాగు చేయించాను. ఎన్నాళ్ళో పడి ఉన్నవాటిని నేరుగా ప్లగ్గు పెట్టి వెలిగించకూడదు. లోపలి కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి, గుబ్బలకింద మకిలి చేరి కరకరమంటుంది. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, లోపం ఉన్న యంత్రం స్పీకరు తీగలోకి ఏకధార విద్యుత్తు వదిలితే స్పీకరు చుట్ట మాడిపోతుంది. అందుకని మెకానిక్కు మీటరుతో ఆ తీగలు కొలిచి, ముందు ఒక పనికిరాని స్పీకరును తగిలించి రెండుగంటలు పాడించాడు. కొత్త అల్లుడికి ముందు పాత విస్తరి వేసినట్టు!

ఇక పెట్టెలు. వీటి చరిత్ర తెలిస్తే ఎంపిక సగం తేలిపోతుంది. మనం ఈనాడు వాడే చుట్టా శంకువుల స్పీకరుకు రూపమిచ్చినవాళ్ళు అమెరికాలో రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు, 1925లో. ఆ తరువాత 30 ఏళ్ళు మంద్రం కావాలంటే బీరువా అంత పెట్టె ఉండవలసిందే. 1954లో ఎడ్గార్ విల్చర్ అనే ఆయన పెట్టెను గాలి చొరకుండా మూసి, లోపలి గాలినే స్ప్రింగులా వాడుకున్నాడు. దాంతో చిన్నపెట్టెలో మంద్రం వచ్చింది. పుస్తకాల అరలో పట్టే స్పీకరు పుట్టింది అక్కడే. అయితే ఊరికే ఏదీ రాదు గదా. చిన్నపెట్టె మంద్రం ఇచ్చి బదులుగా శక్తి ఎక్కువ తింటుంది. ఆ శక్తిని చవకగా ఇచ్చింది ట్రాన్సిస్టరు. 1961లో అమెరికాలో స్టీరియో ఎఫ్.ఎం. అనుమతి అయ్యాక 1970 దశకం అంతా జపాను రిసీవర్లూ ఈ చిన్నపెట్టెలూ ఒకదానికోసం ఒకటి పెరిగాయి. ఈడూ జోడూ అన్నమాట. పెళ్ళి కుదిర్చేటప్పుడు రెండువైపులా చూసినట్టే దీనికీ చూడాలి.

మొదటి పొంతన ఓములది. రిసీవరు వెనకపలక మీద ఎన్ని ఓములనుంచి ఎన్ని ఓములదాకా అని రాసి ఉంటుంది. మాదానికి ఒకజత అయితే 4నుంచి 16. రెండుజతలు ఒకేసారి తగిలిస్తే ఒక్కొక్కటీ 8కి తగ్గకూడదు, ఎందుకంటే రెండు 8లు పక్కపక్కన కలిస్తే 4 అయిపోతాయి. ఓములు మరీ తగ్గితే యంత్రం శక్తికి మించి తోడుకుని వేడెక్కుతుంది. పాత యంత్రానికి 8 ఓముల పెట్టె క్షేమం. కొత్తగా వచ్చేవాటిలో 8 అని పేరుకు రాసినా కొన్ని స్థాయిల్లో 4 దాకా జారేవి ఉన్నాయి. అమ్మేవాణ్ణి ఆ మాట అడిగితే తప్పులేదు.

రెండో పొంతన శక్తిది. ఇక్కడే మనవాళ్ళు మోసపోతారు. పెట్టెమీద 100 వాట్లు అని ఉంటే గొప్ప అనుకుంటారు. అది ఆ పెట్టె ఎంత తట్టుకోగలదో చెప్పే లెక్క, ఎంత పలుకుతుందో చెప్పేది కాదు. చూడవలసింది ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్లు వస్తుందని. మా రిసీవరు చానలుకు 15 వాట్లే. శక్తి రెట్టింపైతే 3 డెసిబెల్లు పెరుగుతుంది. అంటే 83 డెసిబెల్ల పెట్టెకూ 89 డెసిబెల్ల పెట్టెకూ మధ్య తేడా 6, అంటే నాలుగింతల శక్తి. 89 పెట్టెకు 15 వాట్లు ఎంతో, 83 పెట్టెకు 60 వాట్లు అంత. పార్కులో బాకా సంగతి గుర్తుంచుకోమన్నది ఇందుకే. కొద్దిగా ఇస్తే గట్టిగా పలికే పెట్టె పేదయంత్రానికి తగిన జోడు. మన నడిమిల్లు పది అడుగులూ పన్నెండు అడుగులూ అయితే 88, 89 ఉన్నది చాలు.

మూడో పొంతన గొంతుది. దీనికి గొప్ప ఉదాహరణ ఒకటుంది. 1970 దశకంలో బి.బి.సి. ఇంజనీర్లు వ్యానుల్లో కూర్చుని ప్రసారం చేసేవాళ్ళకోసం ఎల్ఎస్3/5ఏ అనే బుల్లిపెట్టె తయారుచేశారు. ఎత్తు అడుగు, లోపల పట్టేది ఐదారు లీటర్లు. మంద్రం ఎక్కువ లేదు, పెద్దగా అరవదు. అయినా మనిషి మాటను అంత నిజంగా చెప్పిన చిన్నపెట్టె అరుదని ఇప్పటికీ పేరు. అక్కడివాళ్ళ పరీక్ష చాలా సులువు: తమకు బాగా తెలిసిన మనిషి గొంతును పెట్టెలో విని, ఆ మనిషినే ఎదుట విని పోల్చుకోవడం. వాద్యం ఎలా మోగాలో తెలియకపోవచ్చు, తెలిసిన మనిషి గొంతు ఎలా ఉంటుందో చెవికి చెప్పనక్కరలేదు. ఆ పెట్టె మా యంత్రానికి మాత్రం జోడు కాదు. పాత నమూనా 15 ఓములు, 83 డెసిబెల్లకు మించదు. 15 ఓములకు మా యంత్రం ఇచ్చేది 8 వాట్లకు అటూ ఇటూ. ధర సంగతి చెప్పనే అక్కరలేదు. నేను దానినుంచి పరీక్షను మాత్రం తీసుకున్నాను. మా పరీక్షకు అమ్మే న్యాయాధిపతి.

తెలుగు మాటకు ఈ పరీక్ష ఎందుకు తగినదో ఒకమాట. 'ల'కూ 'ళ'కూ తేడా ఎక్కడుంది? నాలుక మడిచినప్పుడు రెండువేల హెర్ట్జుల పైచిలుకులో ఉండే ఒక ప్రతిధ్వని కిందికి దిగుతుంది. చెవి ఆ దిగడాన్నే 'ళ' అని గుర్తుపడుతుంది. 'న'కూ 'ణ'కూ ఇలాంటి తేడాయే. 'శ' ఊపిరి మూడు నాలుగు వేలలో మొదలైతే 'స' ఊపిరి దానికి ఇంకా పైన ఉంటుంది. కాబట్టి వెయ్యినుంచి నాలుగువేల దాకా పలుచబడకుండా, ముడిపడకుండా పలికే పెట్టె తెలుగు పలుకుతుంది. అయితే చాలా చిన్నపెట్టెల్లో పెద్ద శంకువు పని చిన్నదానికి అప్పజెప్పే అతుకు కూడా మూడువేల దగ్గరే పడుతుంది. అతుకు సరిగా లేకపోతే కళ్ళు కల్లు అవుతాయి, వేళ కాస్తా వేల అవుతుంది. ఇంకోమాట, మధ్యతరంగం మోసుకొచ్చేది అయిదువేల హెర్ట్జుల లోపే. దానికి పైని మెరుపులు పలికే బుల్లి స్పీకరు ఎంత గొప్పదైనా రేడియో వార్తల్లో దానికి పెద్దగా పనిలేదు. రికార్డులకూ ఫోనుకూ మాత్రం అది కావాలి.

ఇంత తెలిసీ మొదట తప్పే చేశాను. ఈ లెక్కలన్నీ ఆ తప్పు తరువాత నేర్చుకున్నవే అనుకోండి. వేలూరులో ఒక దుకాణంలో ఎర్రదీపాలు వెలిగే కొత్తపెట్టెలు చూపించారు. దుకాణంలో సినిమాపాట పెడితే గుండె అదిరింది. తెచ్చి తగిలించి 837 తిప్పాను. అమ్మ కొంచెంసేపు విని, "వాడేంరా, బాయిలోనుంచి మాట్లాడినట్టుండాదే" అంది. మంద్రమంతా పొంగి మాటను మింగేసింది. వెనక్కి తీసుకోమంటే దుకాణంవారు ఒప్పుకోలేదు. ఇప్పుడవి నా కొడుకు గదిలో ఉన్నాయి, వాడికి సంతోషమే.

రెండోసారి మద్రాసు రిచీ వీధికి పోయి ఒక పాతజపాను జత తెచ్చాను. మాట బాగుంది. పదిరోజులకు బరబరమని చప్పుడు. విప్పిచూస్తే శంకువు అంచున ఉండే నురుగుపట్టీ చేతికి పొడిగా రాలింది. 1970, 80 దశకాల పెట్టెల్లో చాలావాటికి ఈ జబ్బుంది. మన ఉక్కకూ తేమకూ ఇంకా త్వరగా వస్తుంది. వేలితో మెల్లగా నొక్కిచూస్తే తెలిసేది, నేను నొక్కలేదు. రబ్బరు అంచో గుడ్డ అంచో అయితే ఎక్కువకాలం నిలుస్తుంది. పట్టీ కొత్తది వేయించవచ్చు గాని చేయి తిరిగినవాడు దొరకాలి.

మూడోసారి దొరికింది మనదేశపు పాతజతే. ఆరున్నర అంగుళాల కాగితపు శంకువు, రబ్బరు అంచు, గాలి చొరని మూసినపెట్టె, 8 ఓములు. పాత కాగితాల్లో 88 డెసిబెల్లని ఉంది. దిగుమతి సుంకాలు ఆకాశంలో ఉన్న రోజుల్లో మనదేశంలోనే ఇలాంటివి చేసిన కంపెనీలు ఉన్నాయి. కలకత్తాలో 1970లో మొదలైన సోనోడైన్ పేరు చాలామందికి తెలిసే ఉంటుంది. నేను కొన్నవాటిమీద పేరుపలక ఊడిపోయింది. ఎవరు చేశారో గాని మాట తెలిసినవాడే చేశాడు.

మూసినపెట్టె అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. ఇప్పటి చిన్నపెట్టెల్లో ఎక్కువభాగానికి వెనక ఒక గొట్టం ఉంటుంది, మంద్రం దానిలోనుంచి వస్తుంది. దాన్ని గోడ అరలో తోసిపెడితే గొట్టం గోడకు ఆని గొంతు బొంగురుపోతుంది. అటువంటిది గోడకు దూరంగా బల్లమీద ఉండాలి. మన ఇళ్ళలో అంత చోటెక్కడ? అరలో పెట్టుకునేవాళ్ళు మూసినదో, ముందువైపు గొట్టం ఉన్నదో తీసుకోవాలి. పెట్టె ముఖం అర అంచుతో సమంగా ఉండాలి, లోపలికి పోకూడదు. చుట్టూ ఖాళీ ఉంటే మోత పుడుతుంది, అక్కడ ఏదైనా మెత్తగా నింపాలి.

ఏం నింపాలి? దించిన పుస్తకాలే! రెండు పెట్టెల పక్కనా భాగవతమూ చందమామలూ మళ్ళీ పెట్టాను. ఎత్తుపల్లాలుగా ఉన్న పుస్తకాల వీపులు ధ్వనిని చెదరగొట్టి మోత తగ్గిస్తాయి. అమ్మ ప్రశ్నకు జవాబు అలా దొరికింది. పుస్తకాలు తీసేయనక్కరలేదు, అవి ఉంటేనే పెట్టె బాగా పలుకుతుంది.

చివర ఒక చిన్నతప్పు మిగిలింది. వార్తలు పెడితే మాట రెండు పెట్టెల నడుమ నిలవక ఎక్కడో గోడలవెంట తిరుగుతున్నట్టుంది. ఒక పెట్టెకు ఎర్రతీగా నల్లతీగా తారుమారయ్యాయి. అలా అయితే ఒక శంకువు ముందుకు తోసినప్పుడు రెండోది వెనక్కి పీలుస్తుంది, మాట నడుమ చచ్చిపోతుంది. పాతపెట్టెల మీద గుర్తులు చెరిగిపోతే చిన్న సెల్లు ఒకటి రెండు తీగలకూ క్షణం తాకించాలి. శంకువు ముందుకు ఉబికితే సెల్లు ధనధ్రువం తాకినదే ఎర్ర. మార్చిపెట్టగానే మాట వచ్చి నడుమ కూర్చుంది, ఎదురుగా మనిషి కూర్చున్నట్టు.

ఆ రాత్రి ఫోనునుంచి తీగ తెచ్చి రిసీవరు వెనక ఆక్స్ రంధ్రంలో పెట్టాను. ఆకాశవాణివారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో విజయవాడ ఇప్పుడు పగలూ రాత్రీ తేటగా వస్తుంది, అలలు లేవు, హోరు లేదు. 1977లో మామ తెచ్చిన యంత్రం చేయలేకపోయిన పని ఇన్నేళ్ళకు చేసింది. అమ్మ మంచంమీద లేచి కూర్చుంది. వార్తలు అయ్యేదాకా మాట్లాడలేదు. అయ్యాక "కృష్ణలో నీళ్ళొచ్చినాయంట" అంది. చాలా నెలల తరువాత ఆమె రేడియో విని చెప్పిన మొదటి సంగతి అది. నేను పక్కగదిలోకి పోయి కొంచెంసేపు నిలబడ్డాను.

ఆ గదిలో నా మనవరాలు తమిళపాఠం చదువుకుంటోంది. 2006 చట్టం వచ్చాక ఈ రాష్ట్రపు బళ్ళలో తమిళం ఒకటో తరగతినుంచి తప్పనిసరి, తెలుగు ఐచ్ఛికంగా మిగిలింది. తమిళం నేర్చుకోవద్దని ఎవరంటారు? ఈ నేలలో పుట్టినవాళ్ళం, అదీ మన మాటే. కాని ఆ పిల్ల అరలోని పుస్తకాల వీపులమీద ఉన్నది ఏమిటో కూడబలుక్కుని కూడా చదవలేదు. తెలుగు ఆమెకు చెవిలోనే ఉంది. మన ఇళ్ళలో చాలా పిల్లల పరిస్థితి ఇదే. ముసలివాళ్ళకు కన్ను పోయి చెవి మిగిలింది, పిల్లలకు కంటికి అక్షరమే రాక చెవి మిగిలింది. ఈ రెండు చెవులకూ నడుమ ఒకే పెట్టె ఉంది.

అందుకే పాఠకులకు నా మనవి ఒకటే. మీ అటకమీద కూడా ఇలాంటి యంత్రం ఒకటి గుడ్డ చుట్టుకుని ఉండవచ్చు. దించండి. బాగు చేయించి, ఓములు చూసి, అంచు వేలితో నొక్కిచూసి, మాట తేటగా పలికే జత ఒకటి తెచ్చుకోండి. దుకాణంలో సినిమాపాట పెట్టి చూపిస్తే ఒప్పుకోకండి. మీ ఇంటి పెద్దవాళ్ళను వెంటబెట్టుకుపోయి తెలుగువార్తలు పెట్టమనండి. వాళ్ళు తల ఊపితే కొనండి.

ఇప్పుడు సాయంత్రం అమ్మ వింటుంటే మనవరాలు పక్కన వచ్చి కూర్చుంటోంది. మొన్న ఘంటసాల గీత పెట్టినప్పుడు అడిగింది, "తాతా, ఇది ఈ పుస్తకాల్లో ఉండాదా?" అని. ఉందని చెప్పి అరలోనుంచి ఒక పుస్తకం తీశాను. పెద్దబాలశిక్ష ముందు తీయవలసి వచ్చింది. ఆ సందులో పెట్టె కొంచెం మోగింది గాని, ఎవరూ పట్టించుకోలేదు.